కాలిన గాయానికి యాంటీసెప్టిక్‌ను ఎంచుకోవడం ఎలా?

ఒళ్ళు కాలిన వెంటనే చాలామంది వెతికేది యాంటీసెప్టిక్ సీసా కోసం. ఆ ఆత్రం సహజమే గానీ, ఆ సమయంలో గాయాన్ని పెద్దది చేస్తున్నది చర్మంలో ఇంకా మిగిలి ఉన్న వేడి. ఆ వేడే చర్మం పైభాగంలోని బాక్టీరియాను చాలావరకు చంపేస్తుంది కాబట్టి, కొత్తగా కాలిన గాయంలో మొదటి గంటల్లో సూక్ష్మజీవులు చాలా తక్కువగా ఉంటాయి. వెంట్రుకల కుదుళ్ళలోనూ స్వేద గ్రంథులలోనూ లోతుగా ఉండి బతికిపోయిన స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో పెరిగి గాయం మీద స్థిరపడతాయి; పెద్ద గాయాలలో వారం తిరిగేసరికి సూడోమోనాస్ వంటి మొండి జాతులు కూడా చేరతాయి. యాంటీసెప్టిక్‌తో పని పడేది అప్పుడే, అదీ అన్ని గాయాలకూ కాదు. అందువల్ల ఏ మందు మంచిదో అడిగే ముందు ఈ గాయానికి అసలు మందు కావాలా, కావలిస్తే ఈ మనిషికి ఏది హాని చేయదు, ఎన్నాళ్ళు వాడాలి అన్నవి తేల్చుకోవాలి. చిన్నపాటి కాలిన గాయాలను చూసుకునేవారి కోసం, పెద్ద గాయమైన మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేలోగా ఏమి రాయకూడదో తెలుసుకోవలసినవారి కోసం ఈ క్రమాన్ని రాస్తున్నాను. ఇది వైద్యుడి పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

మొదటి మెట్టు: చల్లార్చండి

కాలిన భాగాన్ని ధారగా పారే చల్లని మంచినీటి కింద 20 నిమిషాల పాటు ఉంచండి. కాలిన తరువాత 3 గంటల లోపు చేసినా దీనివల్ల ప్రయోజనం ఉంటుంది కాబట్టి, ఆలస్యమైందని మానుకోవద్దు. మంచు ముక్కలు గానీ గడ్డకట్టేంత చల్లని నీరు గానీ వాడకండి. అవి రక్తనాళాలను కుంచింపజేసి, కొన ఊపిరితో ఉన్న కణజాలాన్ని కూడా చంపుతాయి. వాపు వచ్చేలోపే ఉంగరాలు, గాజులు, గడియారం, బిగుతైన బట్టలు తీసివేయండి, కానీ చర్మానికి అతుక్కుపోయిన బట్టను లాగకండి. పసిపిల్లలకు, పెద్ద గాయాలైనవారికి ఒంటి వేడి త్వరగా పడిపోతుంది కనుక, కాలిన చోటును మాత్రమే తడుపుతూ మిగిలిన ఒంటికి దుప్పటి కప్పండి.

ఈ నీటిలో యాంటీసెప్టిక్ కలపవలసిన అవసరం ఏమాత్రం లేదు. నూనెలు, టూత్‌పేస్టు, పొడులు రాస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. ఆపైన వాటిని కడిగి తీయడమే వైద్యుడికి ఒక పని అవుతుంది, రోగికి మరొక బాధ అవుతుంది.

రసాయనాల వల్ల కాలినప్పుడు పద్ధతి కొంత వేరు. పొడి రూపంలోని రసాయనాన్ని ముందు దులిపివేసి, ఆ తరువాత 20 నిమిషాలకు మించి, అవసరమైతే ఇంకా చాలాసేపు, ధారాళంగా నీటితో కడగాలి. ఆమ్లానికి విరుగుడుగా క్షారాన్ని, క్షారానికి విరుగుడుగా ఆమ్లాన్ని పోస్తే ఆ చర్యలో మరింత వేడి పుడుతుంది కాబట్టి అలా చేయకూడదు. రసాయనంతో గానీ విద్యుత్తుతో గానీ అయిన గాయాలకు ఇంట్లో యాంటీసెప్టిక్ ఎంచుకోవడం అన్న ప్రశ్నే లేదు. అవి పైకి ఎంత చిన్నగా కనిపించినా ఆసుపత్రిలో చూడవలసినవే.

రెండవ మెట్టు: గాయం లోతును, విస్తీర్ణాన్ని, చోటును అంచనా వేయండి

చల్లార్చిన తరువాత మంచి వెలుతురులో గాయాన్ని చూడండి. చర్మం ఎర్రబడి మంట పుడుతూ, బొబ్బలు లేకుండా ఉంటే కాలినది పైపొర మాత్రమే. బొబ్బలు లేచి, వాటి కింద చర్మం గులాబీ రంగులో తేమగా ఉండి, తాకితే తీవ్రంగా నొప్పి పుడుతూ, వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడి మళ్ళీ రంగు వస్తుంటే, గాయం చర్మం మధ్యపొర పైభాగం వరకు దిగిందని అర్థం. రంగు పాలిపోయి లేదా మచ్చలు మచ్చలుగా ఎర్రగా ఉండి, నొక్కినా రంగు మారక, నొప్పి కొంత తగ్గి ఉంటే అది మరింత లోతైనది. తెల్లగా, గోధుమ రంగులో లేదా నల్లగా మాడి, తోలులా గట్టిపడి, తాకినా తెలియకపోతే చర్మం పూర్తి మందంలో కాలిపోయింది. నొప్పి లేదు కదా అని ధైర్యపడకూడదు. నొప్పిని తెలియజేసే నాడులే కాలిపోయినందువల్ల అక్కడ నొప్పి లేదు.

విస్తీర్ణం కోసం గాయపడిన మనిషి అరచేతినే కొలతగా తీసుకోండి. వేళ్ళతో కలిపి ఆ అరచెయ్యి ఆ మనిషి ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం ఉంటుంది. పిల్లవాడి గాయాన్ని మీ అరచేతితో కొలిస్తే లెక్క తప్పుతుంది. బొబ్బలు లేకుండా ఎర్రబడిన భాగాన్ని ఈ లెక్కలో చేర్చకూడదు.

ఈ గాయాలను వైద్యుడే చూడాలి: ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, పెద్ద కీళ్ళ మీద అయిన గాయాలు. అవయవం చుట్టూ పట్టీలా తిరిగిన గాయాలు. పూర్తి మందంలో కాలినవి. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అయినవి. అరచేతి కొలతకు మించి బొబ్బలు లేచినవి. పొగ పీల్చినవారివి. ఇలాంటి గాయంతో ఆసుపత్రికి వెళ్ళేముందు మీరు చేయగల గొప్ప మేలు దాని మీద ఏమీ రాయకపోవడమే. తెల్లని క్రీము పూసినా, రంగు ద్రావణం పోసినా లోతు తెలియకుండా పోతుంది. ఆ లోతును బట్టే శస్త్రచికిత్స కావాలా వద్దా అని నిర్ణయిస్తారు. ఆహార పదార్థాల మీద కప్పే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను చుట్టూ బిగించకుండా పైన పరిస్తే చాలు. ముఖం మీదా రసాయన గాయాల మీదా అది కూడా వద్దు.

మూడవ మెట్టు: యాంటీసెప్టిక్ అవసరమా అని నిర్ణయించుకోండి

నిజానికి ఇంట్లో చూసుకోదగిన చిన్న గాయాలలో చాలావాటికి అవసరం లేదు. పైపొర మాత్రమే కాలిన చోట చర్మం తెగలేదు కాబట్టి సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళే దారే ఉండదు. అక్కడ వాసన లేని సాదా మాయిశ్చరైజరు చాలు. చిన్నగా, శుభ్రంగా, సకాలంలో చల్లార్చిన బొబ్బ గాయానికి మంచినీరు లేదా సెలైన్‌తో (వైద్యానికి వాడే శుద్ధమైన ఉప్పునీటితో) కడిగి, గాయానికి అంటుకోని కట్టు వేసి, దాన్ని తేమగా కాపాడితే సరిపోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. యాంటీసెప్టిక్‌లు బాక్టీరియాను మాత్రమే ఏరి చంపవు. యాంటీబయాటిక్ సాధారణంగా బాక్టీరియాలోని ఒక ప్రత్యేక భాగాన్ని దెబ్బతీస్తుంది. యాంటీసెప్టిక్ కణపొరలను, ప్రోటీన్లను విచక్షణ లేకుండా దెబ్బతీస్తుంది. గాయం పూడడానికి పనిచేసే కెరటినోసైట్‌లకూ, ఫైబ్రోబ్లాస్ట్‌లకూ, కాపలా కాసే తెల్లరక్తకణాలకూ అదే కణపొర ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లోని సైనిక ఆసుపత్రిలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, లోతైన గాయాలలో పోసిన గాఢమైన యాంటీసెప్టిక్‌లు బాక్టీరియా కన్నా తెల్లరక్తకణాలనే ఎక్కువగా చంపుతున్నాయని చూపించాడు. పెనిసిలిన్‌తో ఆయనకు వచ్చిన పేరు వెనుక ఈ పని మరుగున పడిపోయింది గానీ, గాయాలను చూసుకునేవారికి ఇది ఈనాటికీ అక్కరకు వచ్చే పాఠం. వైద్య పరిశోధనల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో కాలిన గాయాల యాంటీసెప్టిక్‌ల మీద జరిగిన 56 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు కూడా, చాలా పోలికలలో ఒక మందు మరొకదానికన్నా నిస్సందేహంగా మెరుగైనదని చెప్పగలిగినంత బలమైన ఆధారం దొరకలేదు. కాబట్టి ఇదే అత్యుత్తమం అని ఎవరైనా ఒకే మందును అన్ని గాయాలకూ సిఫారసు చేస్తే ఆ మాటను పూర్తిగా నమ్మవద్దు.

యాంటీసెప్టిక్ పనికివచ్చే సందర్భాలు ఇవి: మట్టి, మురికినీరు, బట్ట పీలికలు చేరిన గాయం, కాలిన తరువాత ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చూపించుకున్న గాయం, చచ్చిన చర్మమో జిగురు పొరో పేరుకున్న గాయం, ఇన్ఫెక్షన్ తొలి సూచనలు కనిపిస్తున్న గాయం, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న మనిషి గాయం. వీటిలో చివరి మూడింటిలోనూ ఏది వాడాలో వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మొదటి రెండింటిలో కూడా ముందు నీటితో బాగా కడగాలి. మురికీ చీమూ ఉన్నచోట పోసిన యాంటీసెప్టిక్ వాటితోనే చర్య జరిపి ఖర్చైపోతుంది.

నాలుగవ మెట్టు: మనిషి గురించి అడగండి

గాయాన్ని చూసినంత శ్రద్ధగా మనిషిని గురించి అడగడం చాలామంది మరిచిపోతారు. కాలిన చర్మం నుంచి మందులు రక్తంలోకి మామూలు చర్మం కన్నా చాలా ఎక్కువగా ఇంకుతాయి కాబట్టి, పైపూత మందే కదా అన్న భరోసా ఇక్కడ చెల్లదు.

అయోడిన్, క్లోర్‌హెక్సిడిన్, సల్ఫా మందులలో దేనికైనా ఇంతకుముందు దద్దుర్లు, వాపు, ఊపిరి అందకపోవడం వచ్చాయా అని అడగండి. థైరాయిడ్ జబ్బు ఉందా, మూత్రపిండాల జబ్బు ఉందా, మానసిక జబ్బుకు లిథియం అనే మందు వాడుతున్నారా, గర్భవతా, పాలిస్తున్న తల్లా అని అడగండి. వీటిలో దేనికి అవునని చెప్పినా, నవజాత శిశువు విషయంలోనూ, పోవిడోన్ అయోడిన్‌ను వైద్యుడి సలహా లేకుండా ఎంచుకోవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి సిల్వర్ సల్ఫాడయజీన్ అనే వెండి క్రీము వల్ల ఎర్రరక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. రెండు నెలల లోపు శిశువులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు కూడా దాన్ని వాడరు; అందులోని సల్ఫా భాగం శిశువు రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని పెంచి మెదడుకు హాని చేయగలదు.

ధనుర్వాతం టీకా సంగతి కూడా ఈ సందర్భంలోనే అడిగేయండి. చర్మం తెగిన కాలిన గాయం ధనుర్వాతానికి దారి ఇవ్వగలదు. పై నుంచి రాసే ఏ యాంటీసెప్టిక్ కూడా టీకా చేసే పని చేయలేదు. చివరి మోతాదు తీసుకుని 5 సంవత్సరాలు దాటినా, అసలు గుర్తులేకపోయినా వైద్యుడికి చెప్పండి.

ఐదవ మెట్టు: మందుల గుణదోషాలను బేరీజు వేయండి

క్లోర్‌హెక్సిడిన్. 1950ల నుంచి వాడుకలో ఉన్న ఈ మందు చర్మానికి అంటిపెట్టుకుని చాలా గంటలపాటు పనిచేస్తుంది, రంగు వేయదు, రక్తంలోకి పెద్దగా ఇంకదు. గాయం కడగడానికి వాడేది నీటిలో కలిపిన 0.05 శాతం ద్రావణం. అదే పేరుతో దొరికే 0.5 శాతం లేదా 2 శాతం ఆల్కహాలు ద్రావణాలు శస్త్రచికిత్సకు ముందు తెగని చర్మం మీద రాసేవి, 4 శాతం నురుగు ద్రావణం చేతులు కడుక్కునేది. ఇవేవీ కాలిన గాయం మీద పోయకూడదు. కంటిలో పడితే ఇది శుక్లపటలాన్ని (కార్నియాను) శాశ్వతంగా దెబ్బతీయగలదు, చెవి లోపలికి వెళితే వినికిడికి హాని చేయగలదు, కాబట్టి కళ్ళ చుట్టూ, చెవుల దగ్గర వాడవద్దు. సాధారణ సబ్బు మిగిలి ఉన్న చోట ఇది పనిచేయదు. సబ్బుతో కడిగితే సబ్బు పూర్తిగా పోయేలా నీరు పోసిన తరువాతే దీన్ని వాడాలి. అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ వస్తుంది.

పోవిడోన్ అయోడిన్. బాక్టీరియా, ఫంగస్, వైరస్‌లు అన్నిటి మీదా పనిచేయడం దీని బలం; దీనికి లొంగకుండా బాక్టీరియా మారిన దాఖలాలు చాలా అరుదు. 10 శాతం ద్రావణంలో వాడుకకు అందే అయోడిన్ 1 శాతం ఉంటుంది. ఈ అయోడిన్ ఒక పాలిమరుకు కట్టుబడి ఉండి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. ద్రావణాన్ని పలచన చేసినకొద్దీ బంధం సడలి స్వేచ్ఛగా తిరిగే అయోడిన్ పెరుగుతుంది, దాదాపు 0.1 శాతం దగ్గర అది గరిష్ఠానికి చేరుతుంది. అందుకే గాఢంగా పోస్తే ఎక్కువ పనిచేస్తుందన్న ఆలోచన దీని విషయంలో సరికాదు. అయితే మరీ పలచనైన ద్రావణంలో నిల్వ తక్కువ కనుక రక్తం, చీము తగిలితే త్వరగా ఖర్చైపోతుంది. దీని లోపాలు చిన్నవి కావు: గాయాన్ని గోధుమ రంగులోకి మార్చి పరిశీలనకు అడ్డు వస్తుంది, పెద్ద గాయాల మీద వాడితే రక్తంలోకి ఇంకి థైరాయిడ్‌ను గాడి తప్పిస్తుంది, మూత్రపిండాలు సరిగా లేనివారిలో రక్తపు ఆమ్లత్వాన్ని పెంచుతుంది. నా అభిప్రాయంలో దీన్ని చిన్న, మురికి చేరిన గాయాన్ని మొదట్లో ఒకటి రెండుసార్లు శుభ్రం చేయడానికే పరిమితం చేసి, రోజూ కట్టు కింద తడిపి ఉంచే మందుగా వాడకపోవడం మేలు. 7.5 శాతం స్క్రబ్‌లో నురుగు పదార్థం ఉంటుంది, అది తెరిచిన గాయానికి పనికిరాదు.

పాలీహెక్సనైడ్, ఆక్టెనిడిన్. గాయాల కోసమే తయారైన ద్రావణాలుగా, జెల్‌లుగా దొరికే ఈ రెండూ కణజాలానికి తక్కువ హాని చేస్తాయి. వీటిలో మంట దాదాపు ఉండదు. గాయం మీద పేరుకునే జిగురు పొరను, అంటే బయోఫిల్మ్‌ను, విడదీయడానికి తోడ్పడతాయి. పాలీహెక్సనైడ్ ద్రావణాలలో కొన్ని 0.04 నుంచి 0.1 శాతం గాఢతతో, సిద్ధంగా వస్తాయి. వీటిలో గాజుగుడ్డను తడిపి 10 నుంచి 15 నిమిషాలు గాయం మీద పరిచి తీస్తారు. దొరికే చోట, స్తోమత ఉన్నప్పుడు, పదేపదే కట్టు మార్చవలసిన గాయానికి నేను మొదట పరిశీలించేవి ఇవే. మృదులాస్థి బయటపడిన చోట పాలీహెక్సనైడ్ వాడకూడదు. ఆక్టెనిడిన్‌ను సిరంజితో ఒత్తిడి పెట్టి కణజాలం లోపలికి ఎక్కించకూడదు.

వెండి మందులు. పెద్ద కాలిన గాయాల చికిత్సలో వీటి చరిత్ర ఘనమైనది. 1965లో మోయర్ బృందం 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని, 1968లో చార్లెస్ ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజీన్‌ను ప్రవేశపెట్టాక సూడోమోనాస్ వల్ల రక్తం విషపూరితమై చనిపోయేవారి సంఖ్య గణనీయంగా తగ్గింది. ఆ కీర్తి వల్లనే 1 శాతం సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము ప్రతి చిన్న గాయానికీ అలవాటుగా మారిపోయింది, ఇది సరికాదు. ప్రాణాపాయం ఉన్న పెద్ద గాయంలో సూక్ష్మజీవులను అదుపు చేయడానికి తయారైన మందు అది. చిన్న బొబ్బ గాయంలో ఇన్ఫెక్షన్ అవకాశమే తక్కువ కాగా, ఆ క్రీము కొత్తగా పెరిగే చర్మకణాలను అడ్డుకుని మానడాన్ని ఆలస్యం చేయగలదు. గాయం స్రావంతో కలిసి పసుపుపచ్చని మందపు పొరను ఏర్పరుస్తుంది. అది చీములా కనిపించి భయపెడుతుంది, రోజూ కడిగి తీయవలసి వస్తుంది, తీసిన ప్రతిసారీ నొప్పి పెడుతుంది. తెల్లరక్తకణాల సంఖ్య తాత్కాలికంగా తగ్గడం కూడా దీనివల్ల జరుగుతుంది. ముఖం మీద వాడితే చర్మం బూడిద రంగుకు మారే అవకాశం ఉంది.

వెండి నింపిన కట్టులు ఈ క్రీము కన్నా అనుకూలమైనవి, ఎందుకంటే రకాన్ని బట్టి 3 నుంచి 7 రోజుల వరకు మార్చనవసరం లేదు, గాయాన్ని ఊరికే కదపకుండా ఉండవచ్చు. నానోక్రిస్టలైన్ రకాన్ని, అంటే అతిసూక్ష్మమైన వెండి స్ఫటికాలున్న కట్టును, తడపడానికి శుద్ధమైన నీటినే వాడాలి. సెలైన్‌లోని క్లోరైడు వెండితో కలిసి అవక్షేపంగా దిగిపోతే కట్టు బలం తగ్గుతుంది. ఎమ్మారై పరీక్ష ఉంటే ముందు వీటిని తీసివేయాలి. చర్మం పైకి కొత్తగా కమ్ముకుంటున్నప్పుడు వెండి అవసరం తీరిపోయినట్టే.

ఆసుపత్రికి వదిలేయవలసినవి. మాఫెనైడ్, పలచని అసిటిక్ ఆమ్లం, పలచని సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నిపుణుల చేతిలో విలువైనవే. హైపోక్లోరైట్‌ను హెన్రీ డాకిన్, అలెక్సిస్ కారెల్ మొదటి ప్రపంచ యుద్ధంలో 0.5 శాతంగా వాడారు, తరువాతి పరిశోధనలు దానికి 20 రెట్లు తక్కువైన 0.025 శాతం వద్ద కూడా బాక్టీరియా చస్తుందనీ కణజాలానికి హాని తగ్గుతుందనీ చూపించాయి. ఇంట్లో బట్టలకూ నేలకూ వాడే బ్లీచును నీటిలో కలిపి ఈ పని చేయబోతే గాఢత మీద అదుపు ఉండదు, రసాయన గాయం తోడవుతుంది. ఆ ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు.

ఎన్నడూ వాడకూడనివి. 70 శాతం స్పిరిటు, టింక్చర్ అయోడిన్, క్లోరోజైలినాల్ కలిసిన ఇంటి ద్రావణాలు, పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికాలు కాలిన గాయాన్ని మళ్ళీ గాయపరుస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురుగు రావడం చూసి మురికి పోతోందని సంతోషిస్తారు గానీ, ఆ నురుగు కణజాలంలోని క్యాటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడును విడగొట్టినప్పుడు వెలువడే ఆక్సిజనే. ఆ క్రమంలో ఫైబ్రోబ్లాస్ట్‌లు దెబ్బతింటాయి. జెన్షియన్ వయొలెట్, పాదరసం కలిసిన ఎర్ర మందు గాయం రంగును కప్పేస్తాయి. పాదరసం ఒంట్లో చేరడం అదనపు ప్రమాదం. నియోమైసిన్, మ్యుపిరోసిన్, ఫ్యూసిడిక్ ఆమ్లం వంటి యాంటీబయాటిక్ క్రీములు యాంటీసెప్టిక్‌లు కావు. ముందుజాగ్రత్తగా వాటిని పూస్తూ పోతే లొంగని బాక్టీరియా తయారవుతాయి.

తేనె గురించి కూడా చాలామంది అడుగుతారు. గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య శ్రేణి తేనె కట్టులకు కొంత మంచి ఆధారం ఉంది. వంటింటి తేనెలో క్లాస్ట్రిడియం అనే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు కనుక అది గాయం మీదికి పనికిరాదు.

ఆరవ మెట్టు: సీసా మీద రాసినది చదవండి

మందు పేరు చూసి కొంటే చాలదు. దేనిలో కలిపారో చూడాలి, నీటిలోనా, ఆల్కహాలులోనా, నురుగు పదార్థంలోనా. గాయానికి నీటిలో కలిపినదే కావాలి. గాఢత శాతాన్ని పైన చెప్పినదానితో పోల్చండి. తెరిచిన గాయానికి వాడవచ్చు అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. తెగని చర్మానికి మాత్రమే అని ఉంటే పక్కన పెట్టండి. గాఢమైన ద్రావణాన్ని ఇంట్లో కొలిచి పలచన చేయడం కన్నా, ఒకసారి వాడి పారేసే చిన్న పొట్లాలలో సిద్ధంగా వచ్చేదాన్ని తీసుకోవడం నాకు ఎప్పుడూ క్షేమంగా తోస్తుంది, ఎందుకంటే పలచన చేసి నిల్వ ఉంచిన యాంటీసెప్టిక్‌లో సూడోమోనాస్ వంటి బాక్టీరియా నిక్షేపంగా బతికి పెరిగి, గాయానికి వాటినే చేరవేసిన సందర్భాలు ఆసుపత్రులలోనే నమోదయ్యాయి. సీసానే కొంటే తెరిచిన తేదీని దాని మీద రాసుకుని, తయారీదారు చెప్పిన గడువు దాటగానే పారేయండి.

ఏడవ మెట్టు: గాయం మీద వాడే విధానం

కట్టు మార్చడానికి అరగంట నుంచి గంట ముందు, ఆ మనిషికి సరిపడే నొప్పి మాత్రను తగిన మోతాదులో ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కుని, వీలైతే తొడుగులు వేసుకోండి. పాత కట్టు అంటుకుని ఉంటే సెలైన్‌తో నానబెట్టి నెమ్మదిగా తీయండి. పీకితే కొత్తగా వచ్చిన చర్మం కూడా దానితో వస్తుంది. గోరువెచ్చని మంచినీటితో లేదా సెలైన్‌తో గాయాన్ని కడిగి, వదులుగా ఉన్న మురికిని తొలగించండి. చెక్కుచెదరని చిన్న బొబ్బలను అలాగే ఉంచండి, వాటి పైపొర మించిన కట్టు లేదు. పెద్దవిగా ఉబ్బి కీళ్ళ దగ్గర పగలబోతున్న బొబ్బలను వైద్య సిబ్బందే తెరవాలి.

ఆ తరువాత ఎంచుకున్న ద్రావణంలో గాజుగుడ్డను తడిపి, రుద్దకుండా గాయం మీద పరచండి. తయారీదారు చెప్పిన సమయం పూర్తయ్యాక క్లోర్‌హెక్సిడిన్, పోవిడోన్ అయోడిన్ అయితే సెలైన్‌తో కడిగివేయండి. గాయంతో సంబంధం ఉన్నంతసేపూ అవి సొంత కణాల మీద కూడా పనిచేస్తూనే ఉంటాయి. చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని తడి లేకుండా అద్ది, అంటుకోని కట్టు వేసి, స్రావాన్ని పీల్చే పొర దాని మీద ఉంచి, వేళ్ళయితే ఒక్కొక్క వేలికి విడిగా చుట్టండి.

ఒక మందు మీద మరొకదాన్ని రాయకండి. అయోడిన్, వెండి ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుంటాయి. క్లోర్‌హెక్సిడిన్, హైపోక్లోరైట్ కలిస్తే గోధుమ రంగు అవక్షేపం ఏర్పడుతుంది. రెండు మందులు కలిస్తే రెట్టింపు రక్షణ వస్తుందన్న ఊహ గాయాన్నే ఇబ్బంది పెడుతుంది.

ఎనిమిదవ మెట్టు: ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పరుగెత్తాలో ముందే నిర్ణయించుకోండి

యాంటీసెప్టిక్ మొదలుపెట్టిన రోజే దాన్ని ఎప్పుడు ఆపాలో కూడా రాసుకోండి. మొదటి కట్టు తరువాత 24 నుంచి 48 గంటలలో గాయాన్ని మళ్ళీ చూడాలి. మొదటి రెండు రోజుల్లో గాయం లోతు మారుతుంది కాబట్టి తొలిరోజు అంచనాను తుది తీర్పుగా తీసుకోకూడదు. గాయం శుభ్రపడి గులాబీ రంగులోకి వచ్చి, అంచుల నుంచి చర్మం కమ్ముకుంటుంటే యాంటీసెప్టిక్‌ను ఆపి సెలైన్‌కూ సాదా కట్టుకూ మారండి. ఆపడం ఆలస్యమైతే మానడమూ ఆలస్యమవుతుంది. శుభ్రపరచడానికి మొదలుపెట్టిన మందు వారం దాటినా అవసరమని అనిపిస్తే, ఇంకా మొండికేస్తున్నది ఏమిటో వైద్యుడే చూడాలి.

రెండు మూడు రోజుల తరువాత నొప్పి తగ్గవలసింది పోయి పెరగడం, గాయం చుట్టూ ఎరుపు పాకడం, దుర్వాసన, ఆకుపచ్చని స్రావం, గులాబీ రంగు గాయం మళ్ళీ నల్లబడటం లేదా లోతవడం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఇవి ఇన్ఫెక్షన్ సూచనలు. అప్పుడు మందు గాఢత పెంచడమో మరో సీసా తెరవడమో చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే కణజాలం లోపలికి దిగిన బాక్టీరియాను పైన పోసిన ద్రావణం అందుకోలేదు.

చిన్నపిల్లల విషయంలో ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. గాయం చాలా చిన్నదై, పైకి శుభ్రంగా కనిపిస్తున్నా, కాలిన కొద్ది రోజులలోపు బిడ్డకు హఠాత్తుగా అధిక జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, వాంతులు లేదా విరేచనాలు, మగతగా ఉండటం కనిపిస్తే, స్టెఫిలోకాకస్ విడుదల చేసే విషం వల్ల వచ్చే టాక్సిక్ షాక్ కావచ్చు. అది గంటల వ్యవధిలో ప్రాణం మీదికి వస్తుంది. గాయం సంగతి పక్కన పెట్టి, బిడ్డకు ఒళ్ళు కాలిందన్న విషయాన్ని తప్పకుండా చెబుతూ వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి.

ఏ ఇన్ఫెక్షన్ సూచనా లేకపోయినా, 14 రోజులు గడిచేసరికి గాయం మూతపడకపోతే అది మొదట అనుకున్నదానికన్నా లోతైనదని భావించి కాలిన గాయాల నిపుణుడికి చూపించండి. మూడు వారాలు దాటి మానిన గాయాలలో మచ్చ ఉబ్బి గట్టిపడటం, కీళ్ళ దగ్గర చర్మం ముడుచుకుపోవడం ఎక్కువ. ఆ దశలో కావలసింది చర్మం అతికించే నిర్ణయం, యాంటీసెప్టిక్ మార్పు కాదు.